ఇష్టమైన వంటకాన్ని గురించి ఇంగ్లీషులో చెప్పడం

ఆంగ్ల సంభాషణ పరీక్షలో అడిగే ప్రశ్నలన్నింటిలోను ఆహారానికి సంబంధించిన ప్రశ్న అతి సులభమైనదిగా కనబడుతుంది. రోజూ తినే తిండిని గురించి చెప్పడానికి ప్రత్యేకంగా చదువవలసినది ఏమున్నదని విద్యార్థులు భావిస్తారు. కాని మన పాతబస్తీ విద్యార్థినీ విద్యార్థులలో అనేకులు తడబడేది సరిగా ఈ ప్రశ్న దగ్గరనే. పర్యావరణ కాలుష్యం, నిరుద్యోగ సమస్య, విజ్ఞానశాస్త్ర ప్రగతి వంటి విషయాలపై పాఠ్యపుస్తకాలలో చదివిన వాక్యాలు కొన్నయినా జ్ఞాపకం ఉంటాయి. ఇంట్లో తల్లి వండిన ఖట్టీ దాల్‌ను గురించి ఏ పాఠ్యపుస్తకంలోను వాక్యం లేదు. అందువలన విద్యార్థి “మై ఫేవరిట్ ఫుడ్ ఈజ్ బిర్యానీ. ఇట్ ఈజ్ వెరీ టేస్టీ” అని రెండు వాక్యాలు చెప్పి ఊరకుంటాడు. ఆ తరువాత ఏర్పడే నిశ్శబ్దమే అతని మార్కులను తగ్గిస్తుంది.

విదేశాలలో చదువుకోదలచినవారు, నర్సింగు వంటి ఉద్యోగాలకు వెళ్ళదలచినవారు ఎక్కువగా వ్రాసే పరీక్ష ఐ.ఇ.ఎల్.టి.ఎస్. దానిలో సంభాషణ భాగం 11 నుండి 14 నిమిషాలు జరుగుతుంది. అది మూడు దశలుగా ఉంటుంది. మొదటి నాలుగైదు నిమిషాలు ఇల్లు, ఊరు, చదువు, తిండి వంటి పరిచిత విషయాలపై చిన్న ప్రశ్నలు. రెండవ దశలో ఒక కార్డు మీద విషయం ఇచ్చి, ఆలోచించుకొనడానికి ఒక నిమిషం వ్యవధి, కాగితం, పెన్సిలు ఇస్తారు. తరువాత ఒకటి నుండి రెండు నిమిషాలపాటు అభ్యర్థి తానొక్కడే మాట్లాడవలె. మూడవ దశ అదే విషయంపై కొంత లోతైన చర్చ. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికి సమానమైన విలువ ఇచ్చి తొమ్మిది వరకు గల కొలమానంపై నిర్ణయిస్తారు. మీరు తినే తిండి గొప్పదా, సామాన్యమైనదా అనే దానికి ఈ నాలుగింటిలో ఎక్కడా చోటు లేదు. ఈ సంగతిని విద్యార్థులు మొదట మనస్సుకు పట్టించుకొనవలె.

ఎందుకంటే, కొందరు విద్యార్థులు తమకు ఇష్టమైన ఆహారం పిజ్జా అని చెబుతారు. ఇంట్లో జొన్నరొట్టె, గోంగూర తినే అమ్మాయి, ఉదయం నహారీ కుల్చా తిని వచ్చిన అబ్బాయి కూడా అదే మాట చెప్పడం కద్దు. అబద్ధం చెప్పారని పరీక్షాధికారి మార్కులు తగ్గించడు. ఆయన సత్యాసత్యాల విచారణకు కూర్చున్నవాడు కాడు. చిక్కు మరొక చోట ఉన్నది. పిజ్జాను గురించి రెండు వాక్యాలు చెప్పిన తరువాత మూడవ వాక్యం దొరకదు. అది ఎవరు చేస్తారు, ఎట్లా చేస్తారు, మొదటిసారి ఎప్పుడు తిన్నారు, ఇంట్లో ఎవరికి ఇష్టం లేదు అని అడిగితే చెప్పడానికి లోపల ఏమీ లేదు. పైగా ఆ మాటను ఇంగ్లీషువారు పీట్సా అని పలుకుతారు. కనుక తెచ్చిపెట్టుకొన్న ఇష్టం ఉచ్చారణలోనే బయటపడుతుంది!

ఈ పిజ్జా జవాబు వెనుక ఒక సంకోచం ఉన్నదని నా అభిప్రాయం. మా వంటలకు ఇంగ్లీషులో పేర్లు లేవు, పేరు లేనిదానిని ఇంగ్లీషులో ఎట్లా చెప్పగలము అనేది ఆ సంకోచం. ఇది నిరాధారమైనది. ఇంగ్లీషువారి వంటింటి మాటలు అనేకం మన దిక్కు నుండి పోయినవే. చింతపండును ఇంగ్లీషులో టామరిండ్ అంటారు. అది అరబ్బీలోని ‘తమర్ హిందీ’, అనగా హిందూదేశపు ఖర్జూరం అనే మాటకు రూపాంతరం. మన నారింజ శబ్దానికి మూలమైన సంస్కృత పదమే పారసీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు పోయి ఆరెంజ్ అయినది. షుగర్ అనే మాట సంస్కృత శర్కర నుండి, షర్బెట్ అరబ్బీ నుండి, చట్నీ మన చట్నీ నుండి, మల్లిగటానీ అనే పులుసు పేరు తమిళుల మిళగు తణ్ణీరు నుండి వచ్చినవి. యూల్, బర్నెల్ అనే ఇద్దరు బ్రిటిషువారు కూర్చగా 1886లో ‘హాబ్సన్ జాబ్సన్’ అనే పేరుతో వెలువడిన పెద్ద నిఘంటువు నిండా ఇటువంటి మాటలే.

అన్నింటికంటె మనకు దగ్గరి ఉదాహరణ ఖిచిడీ. హైదరాబాదు ఇళ్ళలో ఉదయం పూట ఖిచిడీ, ఖీమా, ఖట్టా కలిపి తినడం పరిపాటి. ఆ ఖిచిడీ మాటే ఇంగ్లండుకు పోయి కెడ్జరీ అయినది. అక్కడ పప్పు పోయి, పొగబెట్టిన చేప, ఉడికించిన గుడ్లు చేరినవి. విచిత్రమేమంటే అక్కడ కూడ అది ఉదయపు ఫలహారంగానే పేరుపొందినది. ఆంగ్లేయుడు తన నోటికి తగినట్లు మన మాటను మార్చుకొని వాడుకొన్నాడు. మన విద్యార్థి మాత్రం తన మాటను ఇంగ్లీషు వాక్యంలో పెట్టడానికి జంకుతున్నాడు.

కనుక మొదటి సూత్రం ఇది: వంటకం పేరును అనువదించవద్దు. హలీమ్‌ను హలీమ్ అనే చెప్పవలె. చెప్పిన వెంటనే అది ఏమిటో ఒక చిన్న వాక్యంలో వివరించవలె. “హలీమ్ ఈజ్ ఎ థిక్ స్ట్యూ మేడ్ ఫ్రమ్ వీట్, లెంటిల్స్ అండ్ మీట్” అన్నచో ఎరుగనివానికి కూడ ఒక రూపం కళ్ళకు కడుతుంది. ఇట్లా వివరించి చెప్పగలగడం పదసంపదలో ఒక ముఖ్యమైన నైపుణ్యమని పరీక్షాధికారులు గుర్తిస్తారు. పేరు తెలియక ఆగిపోవడం లోపం. పేరు చెప్పి వివరించడం సామర్థ్యం.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. హైదరాబాదులో జరిగే పరీక్షలో ఎదుట కూర్చున్నవారికి హలీమ్ తెలియకుండా ఉంటుందా, తెలిసినవారికి వివరించడం అనవసరం కదా అని. పరీక్ష అంతా రికార్డు అవుతుంది. అవసరమైతే దానిని మరొక దేశంలోని వ్యక్తి వినవచ్చును. అంతకంటె ముఖ్యం, మార్కులు మీ వివరణకే గాని ఆయన జ్ఞానానికి కాదు. చార్మినార్‌ను ఎన్నడూ చూడని మనిషి ఎదుట కూర్చున్నాడని భావించుకొని మాట్లాడవలె.

వివరణలో ఏమేమి చెప్పవచ్చునో హలీమ్‌నే తీసుకొని చూతము. దేనితో చేస్తారు? గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి, అల్లం, వెల్లుల్లి, మసాలాలు. ఎట్లా చేస్తారు? ఇటుకలతో, మట్టితో కట్టిన భట్టీలో పెద్ద దేగ్‌ను దించి, కట్టెల నిప్పు మీద గంటల తరబడి ఉడికిస్తారు. ఉడుకుతున్నంతసేపు పొడవైన కర్ర ఘోట్నీలతో ఇద్దరు మనుషులు దంచుతూనే ఉంటారు. మాంసపు పీచు, గోధుమ గింజ వేరువేరుగా తెలియనంతగా కలిసిపోవలె. ఎప్పుడు తింటారు? రంజాన్ మాసంలో సాయంకాలం, ఉపవాస విరమణ అనంతరం. ఎట్లా వడ్డిస్తారు? పైన నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ బద్ద. ఎక్కడి నుండి వచ్చినది? అరబ్బుల హరీస్ దీనికి మూలం. నిజాముల సైన్యంలో పనిచేయడానికి వచ్చిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు నివసించే బార్కస్‌లో నేటికీ హరీస్ వండుతారు. బార్కస్ అనే పేరు కూడ సైనికుల బారక్స్ నుండి వచ్చినదే. హైదరాబాదు హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన దేశంలో మాంసాహార వంటకానికి అటువంటి గుర్తింపు అదే మొదటిది.

చూడండి, ఒక్క పళ్ళెం మీద ఇంత సమాచారం! ఇదంతా విద్యార్థికి పుస్తకం చూడకుండానే చాలవరకు తెలుసు. కావలసినదల్లా చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు. వంట విధానం చెప్పేటప్పుడు కర్మణి ప్రయోగం సహజంగా వస్తుంది. “ది వీట్ ఈజ్ సోక్డ్. ది మీట్ ఈజ్ కుక్డ్ ఫర్ మెనీ అవర్స్. దెన్ ఇట్ ఈజ్ పౌండెడ్ విత్ లాంగ్ వుడెన్ స్టిక్స్.” దంచడానికి పౌండ్, బిర్యానీ దేగ్ మూతకు పిండి పెట్టి మూయడానికి సీల్, పెరుగు మసాలాలలో మాంసం నానవేయడానికి మారినేట్, తక్కువ మంట మీద ఉడకడానికి సిమ్మర్, తాలింపు వేయడానికి టెంపర్, పైన చల్లడానికి గార్నిష్ అనే క్రియలు నేర్చుకొన్నచో మన వంటలలో సగం చెప్పవచ్చును.

ఇదే పద్ధతి మన తెలుగు విద్యార్థులకు కూడ వర్తిస్తుంది. గోంగూరను చూడండి. తెలుగువారి గోంగూరనే పాతబస్తీ ఉర్దూలో అంబాడా అంటారు. ఒకే కూర ఒక ఇంట్లో గోంగూర మాంసం, పక్క ఇంట్లో అంబాడా గోష్త్. ఇంగ్లీషులో “ఎ సవర్ లీఫ్, ఎ కైండ్ ఆఫ్ సోరెల్” అంటే చాలు. లాల్‌దర్వాజ ప్రాంతపు విద్యార్థిని బోనాల పండుగను గురించి చెప్పదలిస్తే, బోనం అనే మాట భోజన శబ్దం నుండి పుట్టినదని, కుండలో వండిన అన్నాన్ని అమ్మవారికి నైవేద్యంగా తలమీద మోసుకొని పోతారని చెప్పవచ్చును. ‘డబుల్ కా మీఠా’ వింటే ఇంగ్లీషు మనిషికి డబుల్ అన్న మాట అర్థమయి కూడ అర్థం కాదు. పొంగిన రొట్టెను ఇక్కడివారు డబుల్ రోటీ అన్నారని, ఆ రొట్టెను నేతిలో వేయించి పాలు చక్కెరలో నానవేసిన బ్రెడ్ పుడ్డింగ్ అని చెప్పవలె. మన మాట ఇంగ్లీషువాడు తీసుకొన్నట్లే, అతని మాట మనము తీసుకొని వానికే తెలియకుండా చేసినామన్నమాట!

ఇప్పుడు రుచులు. ఇక్కడ విద్యార్థులకు టేస్టీ అనే ఒక్క మాట తప్ప వేరొకటి తోచదు. తెలుగులో వేడి వేరు, కారం వేరు. ఉర్దూలో గరమ్ వేరు, తీఖా వేరు. ఇంగ్లీషులో రెండింటికి హాట్ అనే మాటే పనిచేస్తుంది. “మై మదర్స్ కర్రీ ఈజ్ వెరీ హాట్” అన్నచో పొయ్యి మీద నుండి అప్పుడే దింపినారా, మిరపకాయలు ఎక్కువైనవా అనేది తేలదు. “హాట్ విత్ గ్రీన్ చిల్లీస్” అన్నచో తేలుతుంది. స్పైసీ అంటే మసాలా దినుసుల ఘాటు కూడ అందులో చేరుతుంది. పులుపుకు సవర్ అనే మాట ఉన్నది గాని, పాలు విరిగినప్పుడు కూడ అదే మాట వాడతారు. కనుక నోరూరించే పులుపుకు టాంగీ అనడం మేలు. ఖట్టీ దాల్, పచ్చిపులుసు, మిర్చీ కా సాలన్ టాంగీ. వగరుకు ఆస్ట్రింజెంట్ అనే పదం ఉన్నది, కాని అది వైద్యుని నోటి మాటలా వినిపిస్తుంది; నోరు ఎండినట్లు చేస్తుందని వివరించడమే సహజంగా ఉంటుంది. ఇక కమ్మదనానికి సరిసమానమైన మాట ఇంగ్లీషులో నాకు కనబడలేదు. అప్పుడే కాచిన నేతి వాసన, అప్పుడే తోడుకొన్న పెరుగు రుచి అని చెప్పి చూపించవలసినదే.

స్పర్శను తెలిపే మాటలకు మంచి విలువ ఉన్నది. మాంసం మెత్తగా ఉడికితే టెండర్, రొట్టె మెత్తగా ఉంటే సాఫ్ట్, హలీమ్ స్మూత్, సకినాలు క్రిస్ప్ లేక క్రంచీ. తేనీటిలో ముంచిన ఉస్మానియా బిస్కట్టు నోట్లో కరిగిపోతే “ఇట్ మెల్ట్స్ ఇన్ ది మౌత్”. ఉప్పు, తీపి రెండూ గల ఆ బిస్కట్టుకు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు ఉన్నదని ఒక వాక్యం కలిపితే సంభాషణ ఇంకా కొంత దూరం నడుస్తుంది.

మన దేశపు ఇంగ్లీషులో చెల్లుబాటు అయ్యే కొన్ని మాటలు ఇతర దేశాలలో వేరుగా ఉంటాయి. వంకాయను మనము బ్రింజాల్ అంటాము. ఇంగ్లండులో ఆబర్జీన్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. బెండకాయ ఓక్రా. మనము మటన్ అంటే సాధారణంగా మేకమాంసం, వారికి గొర్రెమాంసం. మనకు హోటలు అంటే భోజనం చేసే చోటు. వారికి బస చేసే చోటు, తినేది రెస్టారెంటు. బ్రింజాల్ అనడం తప్పని నేను చెప్పను. “బ్రింజాల్, ఆర్ ఆబర్జీన్” అని రెండూ చెప్పగల విద్యార్థి ఎదుటివానిని దృష్టిలో ఉంచుకొని మాట్లాడుతున్నాడని తెలుస్తుంది.

వ్యాకరణంలో తరచు దొర్లే దోషాలు కొద్దివే. “ఐ యామ్ లైకింగ్ బిర్యానీ” అనరాదు. “ఐ లైక్ బిర్యానీ” అనవలె. అలవాటుగా జరిగే పనికి “మై మదర్ మేక్స్ ఇట్ ఎవ్రీ ఫ్రైడే” అనవలెనే గాని “ఈజ్ మేకింగ్” అనరాదు. ఉర్దూలోని బహుత్, తెలుగులోని చాలా అనే మాటలకు బదులుగా టూ మచ్ వాడేవారు ఉన్నారు. టూ మచ్ అంటే మితిమీరినది. ఇష్టానికి వెరీ మచ్. వంట చేసే మనిషి కుక్, వంట పాత్ర కుక్కర్. “మై మదర్ ఈజ్ ఎ గుడ్ కుక్కర్” అని తల్లిని పాత్రగా మార్చవద్దు. టీ తీసుకొనడం, భోజనం తీసుకొనడం అనే అర్థంలో టేక్ బదులు హావ్ అనడం వారి అలవాటు. చిన్ననాటి ఇష్టాయిష్టాలకు యూస్‌డ్ టూ అనే ప్రయోగం చక్కగా అమరుతుంది: “ఐ యూస్‌డ్ టూ హేట్ బిటర్ గోర్డ్, బట్ నౌ ఐ ఎంజాయ్ ఇట్.” చిన్నప్పుడు కాకరకాయ అంటే పారిపోయినవారందరికీ ఈ వాక్యం సిద్ధంగా ఉన్నది.

ఉచ్చారణ గురించి రెండు మాటలు. ఉర్దూ మాతృభాషగా గలవారిలో కొందరు స్పైసీని ఇస్పైసీ అంటారు. తెలుగువారు రైస్‌ను రైసు, మిల్క్‌ను మిల్కు అంటారు. ముందు చేరే ఇకారాన్ని వారు, వెనుక చేరే ఉకారాన్ని వీరు విడిచిపెట్టవలె. ఓవెన్ కాదు, అవెన్. వెజిటేబుల్ కాదు, వెజ్‌టబుల్. ఖుబానీ కా మీఠా వంటి తీపి పదార్థం డిజర్ట్, దీనిలో ఒత్తు రెండవ అక్షరం మీద. ఎడారికి ఒత్తు మొదటి అక్షరం మీద. ఒత్తు తప్పితే భోజనానంతరం ఎడారిని తిన్నట్లవుతుంది.

రెండవ దశలో ఇచ్చే ఒక్క నిమిషాన్ని వాక్యాలు వ్రాయడానికి వ్యర్థపరచవద్దు. నాలుగైదు మాటలు వ్రాసుకొంటే చాలును. ఉదాహరణకు ఖిచిడీని గురించి చెప్పదలిస్తే కాగితం మీద “శుక్రవారం, నానీ, మసూర్ పప్పు, చింతపండు, కెడ్జరీ” అని ఉంటే రెండు నిమిషాలు గడుస్తాయి. నానీ ఎవరు, ఆమె ఏ వేళకు లేచి పొయ్యి వెలిగిస్తుంది, ఖట్టాలో నువ్వులు ఎందుకు వేస్తుంది, పిల్లలలో ఎవరు మాడుచెక్కకై పోట్లాడుకొంటారు అనేవి కంఠస్థం చేయవలసిన విషయాలు కావు. కంఠస్థం చేసిన వ్యాసాన్ని పరీక్షాధికారి రెండవ వాక్యానికే గుర్తిస్తాడు. స్వరం మారిపోతుంది, కళ్ళు పైకప్పు వైపు పోతాయి. స్వయంగా చూచినదానిని చెప్పేటప్పుడు మధ్యలో ఆగి మాట వెదుక్కొన్నా అది సహజంగానే ఉంటుంది.

ఒక కథ తెలిసినవారు దానిని కూడ వాడుకొనవచ్చును. మొదటి ఆసఫ్ జాహ్‌కు ఒక సూఫీ మహనీయుడు కుల్చాలు పెట్టగా ఆయన ఏడు తిన్నాడని, అందువలన ఏడు తరాలు రాజ్యం చేస్తారని దీవించినాడని, ఆసఫ్ జాహీ పతాకంలోని గుండ్రని గుర్తు ఆ కుల్చాయేనని పాతబస్తీలో చెప్పుకొంటారు. “దేర్ ఈజ్ ఎ లెజెండ్ దట్” అని ఆరంభించి దీనిని నాలుగు వాక్యాలలో చెప్పవచ్చును. లెజెండ్ అనే మాట మరువరాదు; చరిత్ర వేరు, జనశ్రుతి వేరు.

మూడవ దశలో ప్రశ్నలు సొంత ఇంటిని దాటి సమాజం వైపు మరలుతాయి. ఇంటి వంట మేలా, బయటి తిండి మేలా? ఈ తరంవారి ఆహారపు అలవాట్లు ఎందుకు మారుతున్నవి? పండుగలలో ఆహారానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? ఈ రకం ప్రశ్నలకు అభిప్రాయం, కారణం, ఉదాహరణ అనే మూడూ కావలె. ఇక్కడ మన విద్యార్థికి ఒక అనుకూలత ఉన్నది. రెండు భాషలు, రెండు వంటిళ్ళు పక్కపక్కన ఉన్న వీధులలో అతడు పెరిగినాడు. పండుగనాడు ఒక ఇంటి సేమ్యా మరొక ఇంటికి, మరొక ఇంటి పిండివంట ఈ ఇంటికి పోవడం అతడు చూచినాడు. ఆహారం మనుషులను దగ్గరకు చేర్చుతుందా అని అడిగితే ఉదాహరణకై తడుముకొనవలసిన పని లేదు.

ఈ నగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైనప్పుడు, ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తేవడానికి 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పినారు. ఇంగ్లీషు బోధనా విధానాలకై 1958లో స్థాపితమైన కేంద్ర సంస్థ, నేటి ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయం, కూడ ఇక్కడనే ఉన్నది. ఒక భాషలోని బరువును మరొక భాషలోనికి మోయడం ఈ ఊరికి కొత్త కాదు. ఆనాటి పండితులు రసాయనశాస్త్రాన్ని మోసినారు. మీరు మోయవలసినది ఒక గిన్నెడు పప్పు.

అభ్యాసానికి ఈ పని చేయండి. ఈ రాత్రి వంటింట్లో తల్లి పక్కన కూర్చుండి, ఆమె చేసే ప్రతి పనికి ఒక ఇంగ్లీషు క్రియను మెల్లగా పలకండి. దొరకని క్రియను కాగితం మీద తెలుగులోనో, ఉర్దూలోనో వ్రాసుకొని మరునాడు తరగతికి తీసుకొని రండి. ఆ తరువాత గడియారం ఎదుట పెట్టుకొని, టేస్టీ అనే మాట ఒక్కసారి కూడ వాడకుండా, ఆ వంటకాన్ని గురించి రెండు నిమిషాలు స్నేహితునికి చెప్పండి. వినేవాడు తెలుగువాడైతే ఉర్దూ ఇంటి వంటను, ఉర్దూవాడైతే తెలుగు ఇంటి వంటను చెప్పడం ఇంకా మంచిది. అతడు మధ్యలో ఆపి అడిగే ప్రశ్నలను కూడ వ్రాసుకొనండి. మూడవ దశలో రాగల ప్రశ్నలలో కొన్ని అక్కడే దొరుకుతాయి.